క్లారినెట్ మీద వేళ్ల వేగం తగ్గితే ముందు చూడాల్సింది ఎంత గట్టిగా నొక్కుతున్నారో

యాభై దాటాక క్లారినెట్ మీద వేళ్లు మునుపటిలా ఆడటం లేదని, ముఖ్యంగా కుడిచేతి ఉంగరపు వేలు మాట వినడం లేదని, వేళ్లకు బలం వచ్చే వ్యాయామాలు చెప్పమని అడిగారు. బలం కోసం ఏ వ్యాయామమూ అక్కర్లేదు. పిసికే రబ్బరు బంతులు, స్ప్రింగు పరికరాలు పక్కన పెట్టేయండి. రంధ్రం మూయడానికి కావలసినంత బలం చిన్నపిల్లల వేలికీ ఉంటుంది. వాటిని అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు, అదే నా బాధ.

వాయించడం ఆపగానే వేలి కొసలు చూసుకోండి. రంధ్రం అంచు అచ్చు గుండ్రంగా పడటం మామూలే. అది లోతుగా, తెల్లగా దిగి ఎంతసేపటికీ పోకపోతే అవసరానికి మించి నొక్కుతున్నట్టు. గట్టిగా నొక్కిన వేలు ముందు ఆ బిగువు వదిలితే గానీ పైకి లేవదు. వేగం పోయేది అక్కడే.

ఉంగరపు వేలిని తిట్టుకోకండి. అరచేయి బల్ల మీద బోర్లించి, మధ్యవేలిని లోపలికి మడిచి, మిగతా వేళ్లు ఒక్కొక్కటే లేపి చూడండి. ఉంగరపు వేలు దాదాపు కదలదు. వేళ్లను మడిచే, లేపే పెద్ద కండరాలు ముంజేతిలో ఉంటాయి. చేతి వెనక ఆ వేలి స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) పక్కవాటితో ముడిపడి ఉంటుంది. ఇరవై ఏళ్ల వాళ్లకైనా అంతే.

చేయాల్సింది ఇది. కింది స్థాయిలో ఎ స్వరం నుంచి జి స్వరానికి వెళ్లండి, కుడి ఉంగరపు వేలు ఒక్కటే కదులుతుంది. మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల మీద, దెబ్బకు ఒక స్వరం. స్వరాలను నాలుకతో విడగొట్టొద్దు, ఒకే ఊపిరిలో కలిపి వాయించాలి. నాలుక వేలి తప్పును కప్పేస్తుంది. ఒక్కోసారి కాస్త తక్కువ నొక్కుతూ పోతే ఒకచోట స్వరం చెదురుతుంది, లేదా కీచుమంటుంది. దానికి ఒక్క పిసరు ఎక్కువ, అంతే మీకు కావలసిన ఒత్తిడి. వేలు రంధ్రం మీద నుంచి సెంటీమీటరుకు మించి లేవకూడదు. ఎడమ ఉంగరపు వేలికి డి నుంచి సి. రోజుకు ఐదేసి నిమిషాలు రెండుసార్లు చాలు. చేతులు చల్లగా ఉంటే మొదలే పెట్టొద్దు, గోరువెచ్చని నీళ్లలో ఉంచి తుడుచుకున్నాకే.

అసలు తప్పు వాయిద్యానిదీ కావచ్చు. ఎక్కడో గాలి లీకవుతుంటే చేయి తెలియకుండానే బిగుస్తుంది. పై భాగం విడిగా తీసి, రంధ్రాలన్నీ మూసి, అడుగున అరచేయి పెట్టి, పైనుంచి గాలి పీల్చండి. ఆ పట్టు కొన్ని సెకన్లు నిలవాలి. నిలవకపోతే పల్చటి కాగితపు ముక్కను ఒక్కో ప్యాడ్ (కీ కింద రంధ్రాన్ని మూసే మెత్తటి బిళ్ల) కింద పెట్టి, కీ తేలిగ్గా మూసి లాగండి. సులువుగా జారి వచ్చిన చోటే లీకు. నూనె ఎండిన కీ కడ్డీలు, మరీ బిరుసైన స్ప్రింగులు కూడా వేలిని నెమ్మదింపజేస్తాయి. వీటిని బాగుచేసేవాళ్లకే వదిలేయండి.

కుడి బొటనవేలిని ఎవరూ పట్టించుకోరు. సుమారు 800 గ్రాముల వాయిద్యం చాలావరకు దాని మీదే ఆగుతుంది. అది బిగుసుకుంటే మిగతా నాలుగూ బిగుస్తాయి. మెడకు తగిలించే పట్టీ వాడటం చిన్నతనమేమీ కాదు. వాయిద్యం వెనక బొటనవేలు ఆనించే ఆధారాన్ని చూపుడు వేలికి ఎదురుగా వచ్చేలా జరిపించుకోండి.

సాధన పనికిరాని సందర్భాలూ ఉన్నాయి. బొటనవేలు, చూపుడు, మధ్యవేళ్లు తిమ్మిరెక్కుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతుండవచ్చు. చిటికెన వేలి వైపు తిమ్మిరైతే మోచేతి దగ్గరి నరం కావచ్చు. మడిచిన వేలు ఇరుక్కుని టక్కుమని తెరుచుకుంటే అది స్నాయువు తొడుగు సమస్య. అన్నిటికన్నా మోసపుచ్చేది ఫోకల్ డిస్టోనియా, అంటే వేళ్ల కదలికను నడిపే నాడీ వ్యవస్థ గాడి తప్పడం. నొప్పి ఉండదు, పెన్ను పట్టినా ఏమీ కాదు, వాయిద్యం పట్టగానే వేలు తనంతట తాను ముడుచుకుంటుంది. పియానో విద్వాంసుడు లియాన్ ఫ్లైషర్ కుడిచేతి చివరి రెండు వేళ్లు 1960లలో అలాగే ముడుచుకుపోయాయి. రెండు చేతులతో మళ్లీ వేదికెక్కడానికి దశాబ్దాలు పట్టింది. "ఇంకా సాధన చెయ్, అదే పోతుంది" అని ఇలాంటివారికి చెప్పడం హాని చేయడమే. ఈ లక్షణం కనిపిస్తే వాయించడం ఆపి నరాల వైద్యుణ్ణి కలవండి. వెళ్లేటప్పుడు వాయిద్యం వెంట తీసుకెళ్లండి, ఉత్త చేయి చూస్తే డాక్టరుకు ఏమీ కనిపించకపోవచ్చు.