పెద్ద సర్వర్ కొనే ముందు

అమ్మాయ్,

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో చెప్పిందంతా విన్నాక చాలాసేపు నిద్ర పట్టలేదు. నువ్వు తయారు చేసిన, పసుపు రైతుల వివరాలు ఎక్కించే వెబ్ పేజీ తెరుచుకునే లోపు మైదుకూరు గోడౌన్‌లో గుమాస్తా బయటికెళ్లి టీ తాగి వస్తున్నాడన్నావు. పెద్ద సర్వర్ కొందామని మీ మేనేజర్ అంటున్నాడన్నావు. ఆ డబ్బు ఇప్పుడే ఖర్చు పెట్టించొద్దు. ఆలస్యం ఎక్కడ జరుగుతోందో ముందు తేల్చు.

క్రోమ్ బ్రౌజర్‌లో, పేజీ లోపల ఏం జరుగుతోందో చూపించే డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆ పేజీ మీద నొక్కి టైమింగ్ చూడు. సర్వర్ జవాబు కోసం ఆగిన సమయం వేరుగా, పేజీ దిగడానికి పట్టిన సమయం వేరుగా కనపడతాయి. రెండూ తక్కువగానే ఉండి కూడా స్క్రీన్ బిగుసుకుపోయిందంటే, కష్టపడుతున్నది బ్రౌజర్ అన్నమాట. కడప ఆఫీసులో నీ ల్యాప్‌టాప్ మీద చూసి సరే అనుకోవద్దు. గుమాస్తా వాడేలాంటి ఫోన్ తీసుకుని, వీలైతే ఆ గోడౌన్‌లోనే కూర్చుని చూడు.

సర్వర్ దగ్గరే ఆగుతుంటే, డేటాబేస్‌ను అడిగిన క్వెరీలన్నీ, అంటే ప్రశ్నలన్నీ, రాసుండే లాగ్ తియ్యి. 300 మంది రైతులను ఒక క్వెరీలో తెచ్చి, ఒక్కొక్కరి ఊరి పేరు కోసం మళ్లీ ఒక్కో క్వెరీ వేస్తుంటే మొత్తం 301 అవుతాయి. రెండు పట్టికలను కలిపి అడిగే జాయిన్‌తో అది ఒక్క క్వెరీలో తేలే పని. ఎంత పెద్ద సర్వర్ తెచ్చినా ఆ 301 అలాగే ఉంటాయి.

నువ్వు చెప్పినదాన్ని బట్టి నా అనుమానం మాత్రం ఊళ్ల లిస్టు మీదే. ప్రతి వరసలో ఊరు ఎంచుకునే డ్రాప్‌డౌన్ పెట్టానన్నావు. 200 ఊళ్లు, 300 వరసలు. లిస్టులో ఒక్కో ఊరి పేరుకు ఒక్కో ఆప్షన్ ట్యాగు చొప్పున, ఒక్క పేజీలో 60,000 ట్యాగులు! పేజీని కుదించి పంపే జీజిప్ ఉందిగా అనకు. ఒకే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి దారిలో అవి బాగా చిన్నవై వస్తాయి, నిజమే. కానీ ఫోన్‌లోకి చేరాక మళ్లీ విప్పుకుని, ఆ 60,000నూ బ్రౌజర్ ఒక్కొక్కటిగా కట్టుకోవాల్సిందే.

గుమాస్తా రోజుకు మార్చేది నాలుగైదు వరసలేగా? మిగతావి ఊరికే చూస్తాడు. అందుకని అన్నిటినీ మామూలు అక్షరాలుగా చూపించు. మార్చాలనుకున్న వరస మీద నొక్కినప్పుడు ఆ ఒక్కటే ఫారంగా మారాలి. పేజీకి 50 వరసలు చాలు. తర్వాతి పేజీకి ఆఫ్‌సెట్ వాడితే, అంటే 'ఇన్ని వరసలు దాటేసి ఇవ్వు' అని అడిగితే, దాటేసే వరసలన్నిటినీ కూడా డేటాబేస్ లెక్కపెట్టుకుంటూ పోవాలి. చివరి రైతు ఐడీ గుర్తు పెట్టుకుని అక్కడి నుంచి అడుగు, ఐడీ మీద పుస్తకంలో విషయసూచికలాంటి ఇండెక్స్ ఉంటుంది కాబట్టి సూటిగా అక్కడికే వెళ్తుంది.

ఇంకొక సంగతి. నన్ను నిజంగా భయపెట్టింది ఇదే. చాలా ఏళ్ల కిందట అనంతపురంలో ఒక వేరుశనగ వ్యాపారికి నేను ఇలాంటి ఫారమే పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిచ్చాను. వరసకు నాలుగు గడులు, 300 వరసలు, కింద ఒకటే సేవ్ బటన్. పీహెచ్‌పీలో ఒక్కసారికి పంపే గడుల సంఖ్యకు మ్యాక్స్ ఇన్‌పుట్ వార్స్ అని ఒక హద్దు ఉంది. మామూలుగా అది 1,000. అది దాటిన గడులను వదిలేస్తుంది. లాగ్‌లో ఒక హెచ్చరిక పడుతుంది, మన స్క్రీన్ మీద మాత్రం 'సేవ్ అయింది' అనే కనపడుతుంది. సుమారు 250వ వరస తర్వాత రైతుల తూకాలేవీ ఎక్కలేదు. డబ్బుల కోసం వచ్చిన ఒక పెద్దాయన, లిస్టులో తన లెక్క లేదంటే కౌంటర్ ముందు అలాగే నిలబడిపోయాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే జాంగోలోనూ అదే 1,000 హద్దు ఉంది, కాకపోతే అది రిక్వెస్టునే తిప్పికొడుతుంది కాబట్టి తప్పు వెంటనే తెలుస్తుంది.

ఆ హద్దు పెంచేస్తే పోతుందని ఎవరైనా అంటే వినకు. లెక్కలేనన్ని గడులు పంపి సర్వర్‌ను కూలదోసే దాడులను ఆపడానికే దాన్ని పెట్టారు. వరసను వరసగానే సేవ్ చేయించు. మధ్యలో నెట్ పోయినా పోయేది ఒక్క వరసే. ఎన్ని గడులు పంపామో, ఎన్ని అందాయో సర్వర్‌లో సరిచూసి, తేడా వస్తే ఎర్రగా చూపించు.

పని మొదలుపెట్టే ముందు ఇప్పటికే ఎక్కిన డేటాలో చివరి వరసలు కాగితం రిజిస్టర్‌తో సరిపోతున్నాయో లేదో రేపు పొద్దున్నే చూడు. వేగం సంగతి తర్వాత. టైమింగ్ స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపు, రాత్రి ఎనిమిది తర్వాత కూర్చుని చూద్దాం.

మీ పెద్దమ్మ,
అనంతపురం