పొట్టు విమానమెక్కే ముందు

చిన్నా,

ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి కవిటి వచ్చేశావట, మన పనసపొట్టు ఫ్రోజెన్ చేసి విమానంలో గల్ఫ్ దేశాలకు పంపుతావట. ఏడుస్తూ చెప్పింది. దానికి నాలుగు ధైర్యం మాటలు చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ, నాకే తెల్లారేదాకా కునుకు పట్టలేదు. సంతోషం లేక కాదు. ఉద్దానం పనసకాయలు లారీలెక్కి ఒడిశా పోవడమే చిన్నప్పటి నుంచీ చూశాను. మా నాన్న వేసిన చెట్టు కాయ విమానమెక్కుతుందంటే గుండె నిండింది. భయం కూడా అంతే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

కాగితాల సంగతి ఒక్క మాటలో చెప్తాను. ఎగుమతి కోడ్ అనే ఐఈసీ, ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు, వ్యవసాయ ఎగుమతులు చూసే అపెడాలో రిజిస్ట్రేషన్. చదువుకున్నవాడివి, ఇవి నీకు కష్టం కాదు. అక్కడ దిగాక ఏ సర్టిఫికెట్ అడుగుతారో మాత్రం ఏజెంటు నోటిమాట నమ్మకు, కొనేవాడి చేత రాతలో తెప్పించుకో. 2014లో పండుఈగ దొరికిందని యూరప్ వాళ్లు మన దేశపు మామిడిని, వంకాయ, కాకర, పొట్లతో పాటు ఆపేశారు. మామిడి మీద ఆంక్ష ఎత్తేసింది మర్నాడు కాదు, 2015లో. ఆ మధ్యలో కాయ చెట్టు మీదే పండిన రైతు గురించి ఆలోచించు.

విమానం కిరాయి బరువుకే అనుకునేవు. చోటుకు కూడా. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగించు. 50, 40, 40 థర్మాకోల్ పెట్టెకు 13 కిలోల పైన వస్తుంది. లోపల నువ్వు ఎనిమిది కిలోలే పెట్టినా కిరాయి ఆ పెద్ద అంకెకే. అందుకే పెట్టెలో గాలి పంపకు. వ్యాపారం పెరిగాక ఫ్రోజెన్ సరుకును విశాఖ పోర్టు నుంచి రీఫర్ అనే చల్లటి కంటైనర్లో ఓడ మీద పంపడమే మేలు. విమానం శాంపిళ్లకు, పండగ ఆర్డర్లకు ఉంచుకో. సువర్ణరేఖ కాయలు కూడా పంపుతానన్నావట. వాటిని పొట్టుతో కలిపి పెట్టావో, చూడు మరి! మామిడికి 12, 13 డిగ్రీలు చాలు. అంతకన్నా బాగా చల్లబడితే తొక్క మీద మచ్చలు పడతాయి, తర్వాత ఎన్నాళ్లుంచినా సరిగ్గా పండదు.

ఇక నేను రాయాలని కూర్చున్న సంగతి.

విశాఖలో రొయ్యల ఫ్యాక్టరీలో 19 ఏళ్లు చేశానని నీకు తెలుసు. మొదట తలలు తీసే బల్ల దగ్గర, తర్వాత ప్యాకింగ్ సూపర్‌వైజరుగా. ప్రతి లాటులో గడ్డకట్టిన రొయ్యల దిమ్మ ఒకదానికి డ్రిల్లుతో కన్నం పెట్టి, థర్మామీటరు సూది నడిమధ్యకు దించేదాన్ని. మైనస్ 18 చూపించేదాకా అట్టపెట్టెలో వేయనిచ్చేదాన్ని కాదు. లోడింగ్ కుర్రాళ్లు విసుక్కునేవారు. అంత తెలిసినదాన్ని, నా సొంత సరుకు దగ్గర అదే పని చేయలేదు.

2012 ఉగాది ముందు. ఫ్యాక్టరీ మానేసి సోంపేట వచ్చేశాను. మస్కట్‌లో దుకాణం నడిపే మనవైపు అబ్బాయి పండక్కి 200 కిలోల పొట్టు కావాలన్నాడు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర లేని పండగ మనకు పండగ కాదు కదా, ఎగిరి గంతేశాను. నలుగురు ఆడవాళ్లం చేతులకు నూనె రాసుకుని రెండు రోజులు పొట్టు కొట్టాం. మరిగే పసుపు నీళ్లలో ముంచి తీసి, నీరు ఓడ్చి, అరకిలో చొప్పున 400 ప్యాకెట్లు కట్టాం. అన్నీ ఒక్క రాత్రే రెండు డీప్ ఫ్రీజర్లలో కుక్కేశాను. మర్నాడు సాయంత్రం పైనున్న ప్యాకెట్టును వేలితో కొట్టాను. టక్‌మంది. రాయిలా ఉందనుకున్నాను. మధ్యలోది తీసి చూడలేదు. సూది థర్మామీటరు కొందామంటే, ఇన్నేళ్లు చేసిన నా చేతికి తెలియదా అనుకున్నాను.

డీప్ ఫ్రీజరు ఉన్నది గడ్డకట్టిన సరుకును అలాగే ఉంచడానికి, చిన్నా. గడ్డ కట్టించడానికి బ్లాస్ట్ ఫ్రీజర్ కావాలి. మైనస్ 35, 40 డిగ్రీల గాలిని ఫ్యాన్లతో కొడుతుంది, పలచగా పరిచిన ప్యాకెట్లు కొద్ది గంటల్లో లోపలిదాకా గట్టిపడతాయి. గుట్టగా పేర్చితే నడిమివి చుట్టూ ఉన్నవాటినే దుప్పటిగా కప్పుకుని మెత్తగా పడుకుంటాయి. నావి అలాగే పడుకున్నాయి.

హైదరాబాద్‌లో ఆ రోజు విమానానికి ప్రయాణికుల సామానే నిండిపోయి మన పెట్టెలు దింపేశారు. ఒక రోజు పోయింది. బుధవారం రాత్రి మస్కట్‌లో దిగాయి. అప్పట్లో అక్కడ గురు, శుక్రవారాలు సెలవు, ఆ ఏడు ఉగాది శుక్రవారమే పడింది. ఆ అబ్బాయి ఎవరెవరినో బతిమాలి గురువారం సాయంత్రానికి విడిపించుకుని, తన ఫ్రీజర్లో పెట్టుకున్నాడు. తెల్లారేసరికి మెత్తబడ్డవన్నీ మళ్లీ రాళ్లయ్యాయి. కరిగి మళ్లీ గట్టిపడ్డ ప్యాకెట్టును పైనుంచి చూసి ఎవరూ పోల్చలేరు. పాపం, మంచివే అనుకుని అమ్మాడు.

ఆ రాత్రి ఫోన్ వచ్చింది. ఒకింట్లో అయిదేళ్ల పాపకు వాంతులు, విరేచనాలు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తున్నారు. రెండు రోజులకు కోలుకుంది, భగవంతుడి దయ. ఆ రెండు రోజులూ నేను అన్నం ముట్టలేదు. కానీ ఆ అబ్బాయి ‘ఏం జరిగిందమ్మా’ అని అడిగితే, విమానంవాళ్లు ఎండలో పడేశారని చెప్పాను. డబ్బు తిరిగిచ్చాను, నిజం చెప్పలేదు. మీ పెదనాన్నకు కూడా చెప్పలేదు. మొదటిసారి నీకే చెప్తున్నాను.

కాబట్టి బ్లాస్ట్ ఫ్రీజర్ లేకుండా ఒక్క ప్యాకెట్టు కూడా పంపకు. సొంతంగా కొనలేకపోతే అద్దెకు దొరికేచోట చేయించు. ప్రతి లాటులో నడిమి ప్యాకెట్టుకు సూది గుచ్చి, అంకె పుస్తకంలో రాయి. జనరేటరు సిద్ధంగా పెట్టుకో, తిత్లీ తుఫాను తర్వాత ఎన్ని రాత్రులు చీకట్లో ఉన్నామో మరిచిపోయావా? భోగాపురం ఎయిర్‌పోర్టు మీద ఆశ పెట్టుకున్నావని మీ అమ్మ అంది. రన్‌వే దగ్గరైనంత మాత్రాన చాలదు, అక్కడ కార్గోకు కోల్డ్ రూమ్ ఉందో లేదో, పెట్టెలు ఎండలో ఎంతసేపు నిలబడతాయో నువ్వే వెళ్లి కళ్లారా చూసిరా.

డ్రై ఐస్ గురించి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. అది గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడు, మైనస్ 78 డిగ్రీలు, చేత్తో ముట్టుకుంటే కాలినట్టు బొబ్బలెక్కుతుంది. గ్యాసుగా మారుతుంది కాబట్టి పెట్టెకు గాలి పోయే దారి ఉండాలి, బిగించి సీలు వేస్తే పేలుతుంది. విమానంవాళ్ల లెక్కలో ప్రమాదకర సరుకు. పెట్టె మీద డ్రై ఐస్ నంబరు యూఎన్ 1845 అని, ఎన్ని కిలోలో రాయాలి, సరుకుతో వెళ్లే ఎయిర్ వే బిల్లు కాగితంలోనూ చూపాలి. దాస్తే సరుకు ఆగిపోతుంది. కవిటి నుంచి విశాఖ 200 కిలోమీటర్ల పైమాటే. వ్యానులో డ్రై ఐస్ ఉంటే ఎంత ఎండ కాసినా, ఎంత వాన కురిసినా అద్దాలు దించే ఉంచు, ఆ గ్యాసు లోపల నిండితే ఊపిరాడదు. అద్దాలు ఎత్తుకుని వచ్చిన డ్రైవరు ఒకతను మా ఫ్యాక్టరీ గేటు దగ్గర కళ్లు తిరిగి స్టీరింగు మీద వాలిపోయాడు. నేనే తలుపు తీశాను. ఈ ఒక్క మాట వినకపోతే నీతో మాట్లాడను, నిజంగానే.

తిట్టానని మనసులో పెట్టుకోకు నాన్నా. చిన్నప్పుడు పొట్టు కొడుతుంటే పక్కన కూర్చుని పనస గింజలు ఏరి జేబులో వేసుకునేవాడివి, చొక్కాకంతా జిగురే. నువ్వు చేయగలవు.

ఆదివారం సోంపేట రా. ఆ ఉగాది తర్వాత కొన్న సూది థర్మామీటరు నా దగ్గరే ఉంది, కొత్త బ్యాటరీ వేశాను. నీ మొదటి లాటుకు నేనే వచ్చి గుచ్చుతాను, మోకాళ్ల నొప్పులని మీ అమ్మ అడ్డం చెప్తే వినకు. మస్కట్ అబ్బాయి నంబరు కూడా వెతికి పెట్టాను. అతనికి ఆ రోజే ఫోన్ చేస్తాను. చేసేటప్పుడు నువ్వు నా పక్కన కూర్చో.

మీ పెద్దమ్మ