అమ్మానాన్నల మందుల సంచీ ఎక్కడ పెట్టాలి?

అమెరికాకు కొత్తగా వచ్చి, ఇంట్లో పసిపిల్లలుండి, అమ్మానాన్నల్ని ఆరు నెలలకు రప్పించుకుంటున్నవాళ్లకి నేను ముందు చెప్పేది మందుల గురించే.

మా అమ్మ వచ్చినప్పుడు బీపీ, షుగర్ బిళ్లలన్నీ స్ట్రిప్పుల్లోంచి తీసి, వారానికి సరిపడా అరల డబ్బాలో సర్దుకుని మంచం పక్కనే పెట్టుకునేది. ఓ పొద్దున చూస్తే మా రెండేళ్లవాడు ఆ డబ్బా తెరుచుకుని కూర్చున్నాడు. నేలమీద మూడు బిళ్లలు, వాడి పెదవి మీద తెల్లటి పొడి. అరలో ఎన్ని ఉండాలో కంగారులో అమ్మకి గుర్తు రాలేదు. పొరపాటున మందులో, విషమో మింగితే ఏం చేయాలో ఫోన్లో చెప్పే పాయిజన్ కంట్రోల్‌కి ఫోన్ చేశాం. నంబరు 1-800-222-1222. రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బులేమీ తీసుకోరు. గ్లిమెపిరైడ్ అనే పేరు వినగానే ఎమర్జెన్సీకి తీసుకెళ్లమన్నారు. ఆ షుగర్ మందు ఒక్క బిళ్లయినా పసివాళ్లకి ప్రమాదమే. అప్పటికి బాగానే కనిపించినా గంటల తర్వాత షుగర్ పడిపోవచ్చు. రాత్రంతా వాడి వేలు గుచ్చి చూస్తూనే ఉన్నారు. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు.

ఆ నంబరు ఇప్పుడే ఫోన్లో వేసుకోండి. బిడ్డ స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా, ఊపిరి అందకపోయినా మాత్రం నేరుగా 911.

వారం డబ్బాల్లో చాలావాటిని పిల్లలు ఇట్టే తెరిచేస్తారు. డబ్బా అయినా, స్ట్రిప్పులైనా తాళం వేసి ఎత్తులో పెట్టండి. నానమ్మ హ్యాండ్‌బ్యాగ్ సంగతి మరిచిపోవద్దు! బాత్రూమ్ అల్మరా వద్దు, ఆవిరికి మందులు పాడవుతాయి.

ఇంకో తికమక: ఇక్కడ అసిటమినోఫెన్ అంటే మన పారాసిటమాలే. డోలో 650 వేసుకుని, నొప్పి తగ్గలేదని టైలెనాల్, జలుబుకి నైక్విల్ కూడా వేసుకుంటే మూడుసార్లూ అదే మందు లోపలికి పోతుంది. పెద్దవాళ్లకైనా అన్నీ కలిపి రోజుకి 4 గ్రాములు దాటితే లివర్‌కి ముప్పు.

వాళ్లు తిరిగి వెళ్లాక మిగిలిన బిళ్లల్ని "ఎప్పటికైనా పనికొస్తాయి" అని దాచకండి. చాలా ఫార్మసీల్లో మందులు పడేసే పెట్టె ఉంటుంది. ఏటా ఏప్రిల్, అక్టోబర్‌లలో డీఈఏ (మాదకద్రవ్యాల నియంత్రణ చూసే ప్రభుత్వ సంస్థ) వాళ్లు పాత మందులు తీసుకునే రోజు కూడా పెడతారు. అవేవీ దగ్గర్లో లేకపోతే వాడేసిన కాఫీ పొడిలో కలిపి, సంచీలో మూసి చెత్తలో వేయండి. పంటి ఆపరేషన్‌కి ఇచ్చిన ఆక్సికోడోన్ లాంటి, అలవాటు పడే ప్రమాదమున్న గట్టి నొప్పి బిళ్లలు మాత్రం వెంటనే ఇచ్చేసే వీలు లేకపోతే టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేయమనే ఎఫ్‌డీఏ (మందుల్ని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ) చెబుతుంది. అలాంటివి స్నేహితుడికి నడుంనొప్పి అని ఇవ్వడం ఇక్కడ నేరం.