నాటుకోళ్లకు కళ్లు మూసుకుపోతున్నాయి, గౌటేనా?

ప్రశ్న: మా పెరట్లో 80 నాటుకోళ్లు ఉన్నాయి. నాలుగు నెలల వయసు, ఇంకా గుడ్డుకు రాలేదు. నూకలు, తవుడు వేస్తున్నాం. తొందరగా గుడ్డు పెడతాయని ఈమధ్య లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల మేత) కూడా కలిపాం. కొన్నిటికి కళ్లు ఉబ్బి రెప్పలు అతుక్కుపోయాయి. చనిపోయిన కోడిని కోస్తే గుండె, కాలేయం మీద తెల్లటి పొడి కనిపించింది. గౌటు అంటున్నారు. గౌటు కళ్లకూ వస్తుందా? యాంటీబయాటిక్ ఇచ్చినా తగ్గలేదు.
– ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: మీరు చూసిన పొడి గౌటు (యూరిక్ ఆమ్లం అవయవాల మీద పేరుకునే జబ్బు) లక్షణమే. కళ్లు మూసుకుపోవడం మాత్రం గౌటు వల్ల కాదు. మీరు వేస్తున్న మేతను బట్టి చూస్తే రెండిటికీ మూలం విటమిన్ ఎ లోపం కావచ్చు.

కోడి ఒంట్లోని మాంసకృత్తుల వ్యర్థం యూరిక్ ఆమ్లంగా మూత్రపిండాల ద్వారా బయటకు పోతుంది. రెట్టలో తెల్లగా కనిపించేది అదే. విటమిన్ ఎ చాలకపోతే మూత్రనాళాల లోపలి పొర మందంగా మారి దారి పూడుకుపోతుంది. యూరిక్ ఆమ్లం రక్తంలో పెరిగి గుండె, కాలేయం మీద పేరుకుంటుంది. కంటి దగ్గరా ఇలాగే పొర పాడై, రెప్పల కింద తెల్లటి ముద్ద గట్టిపడుతుంది. యాంటీబయాటిక్‌తో తగ్గకపోవడంలో వింత లేదు.

నూకలు, తవుడులో విటమిన్ ఎ దాదాపు ఉండదు. దానికితోడు లేయర్ దాణా! అందులో కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటుంది. ఎదిగే కోళ్లకు 1 శాతం చాలు. మిగులు కాల్షియం మూత్రపిండాలను దెబ్బతీస్తుందే తప్ప గుడ్డును ముందుకు తేదు. ఈ రోజే ఆపి, గ్రోయర్ దాణాకు (ఎదిగే కోళ్ల మేతకు) మారండి.

జబ్బు కోడి నోరు తెరిచి చూడండి. గొంతులో చిన్న తెల్లటి పొక్కులుంటే విటమిన్ ఎ లోపమన్న అనుమానం బలపడుతుంది. ముఖం వాచి ముక్కు నుంచి దుర్వాసన వస్తే కొరైజా (బాక్టీరియా వల్ల వచ్చే జలుబు జబ్బు) కావచ్చు. తుమ్ములు, గురక ఉంటే ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్‌ను (వైరస్ వల్ల వచ్చే శ్వాస జబ్బు) అనుమానించాలి, అది కూడా గౌటు తేవచ్చు. చనిపోయిన కోడిని వెంటనే పశువైద్యుడికి చూపించండి.

నీటిలో కలిసే విటమిన్ ఎ మందును సీసా మీద రాసిన మోతాదులో ఇవ్వండి. కాచి చల్లార్చిన ఉప్పునీటితో రెప్పలు నానబెట్టి, ముద్దను దూదితో మెల్లగా తీయండి, గోటితో గీకొద్దు. నూకల్లో సగానికి బదులు పసుపు రంగు మొక్కజొన్న వేయండి (తెల్ల జొన్నతో లాభం లేదు). రోజూ మునగాకు, తోటకూర వేయండి. చల్లటి నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. సల్ఫా మందులు, జెంటామైసిన్ సొంతంగా వాడకండి, అవి మూత్రపిండాలకు ఇంకా హాని చేస్తాయి.

మూత్రపిండాలు బాగా చెడిన కోళ్లు దక్కవు. మేత మార్చాక కూడా కొన్ని రోజులు ఒకటీ అరా చనిపోవచ్చు, కంగారుపడి మందులు మార్చకండి.