హోదాల మాటలను తేలికగా తీసుకోవద్దు

చిరంజీవికి ఆశీస్సులు.

1820ల నాటి రష్యన్ కథకు నువ్వు చేసిన అనువాదాన్ని ఆసాంతం చదివాను. వాక్యం చక్కగా నడిచింది. అయితే ఆ సమాజంలో ఎవరు ఎవరికి తలవంచాలో చెప్పే మాటలను నువ్వు పైపై మెరుగులనుకున్నావు, కథ బలం అక్కడే జారిపోయింది.

1722లో పీటర్ చక్రవర్తి సైన్యంలోనూ, ప్రభుత్వ కొలువులోనూ, ఆస్థానంలోనూ ఉన్న ఉద్యోగాలను 14 తరగతులుగా విభజిస్తూ ఒక పట్టిక ప్రకటించాడు. అది 1917 వరకూ అమలులో ఉంది. సంబోధన సైతం దాన్ని బట్టే ఉండేది. తొమ్మిదో తరగతి నుంచి అడుగు వరకూ ఉన్నవారిని 'వాషె బ్లగరోదియె' (ఇంగ్లీషు 'యువర్ ఆనర్' వంటిది) అనాలి, మూడు, నాలుగు తరగతులవారిని 'యువర్ ఎక్సలెన్సీ' వంటి 'వాషె ప్రెవస్ఖదీతెల్‌స్త్వ' అనాలి. నువ్వు రెండు చోట్లా 'అయ్యగారూ' అని సరిపెట్టడంతో గుమాస్తా గొంతులోని వణుకు పాఠకుడికి వినిపించలేదు. 'అయ్యా' మొదలు 'మహాప్రభో' దాకా మన భాషలో మెట్లకు కొదవ లేదు కదా, వాడుకో.

తపాలా మజిలీ దృశ్యాన్ని మళ్ళీ రాయి. మజిలీ అధికారి అట్టడుగున ఉన్న 14వ తరగతి ఉద్యోగి. 'పదరోజ్నయ' అనే ప్రయాణ పత్రంలో హోదా చదివాకే ఎన్ని గుర్రాలు ఇవ్వాలో తేలుస్తాడు, వెర్స్తుకు (అప్పటి రష్యన్ దూరపు కొలత), గుర్రానికి ఇంత అని లెక్కకట్టి సొమ్ము తీసుకుంటాడు. ఉన్న గుర్రాలు జనరల్ బండికి కడితే, పొద్దుట్నుంచీ కాచుకున్న చిన్న ఉద్యోగి ఇంకా కాచుకోవలసిందే. ఈ సంగతి మనసులో ఉంటే, టీ నీళ్ళు కాచే సమోవర్ దగ్గర కూర్చున్నవాళ్ళలో ఎవరు ముందు నోరు విప్పుతారో, ఎవరు లేచి నిలబడతారో నీకే తెలుస్తుంది.

కెప్టెన్‌ను సుబేదారుగా మార్చడం నాకు బొత్తిగా నచ్చలేదు. బ్రిటిష్ ఇండియా సైన్యంలో సుబేదారు ఎంత అనుభవం గడించినా తెల్ల అధికారికి లోబడే ఉండేవాడు. ఆ అవమానం రష్యన్ కెప్టెన్‌ది కాదు. కెప్టెన్ అనే ఉంచు. అశ్వికదళంలో అదే హోదాను 'రోత్‌మిస్తర్' అనేవారు, దాన్నీ మార్చకు. వెర్స్తు కిలోమీటరు కన్నా కాస్త ఎక్కువ, పూద్ 16 కిలోల పైచిలుకు. సందర్భమే వాటి అర్థం చెబుతుంది.

చివరిగా, రైతు కొడుకు 'సైన్యంలో ఉద్యోగంలో చేరాడు' అన్నావు. ఆ కాలంలో మామూలు సైనికుడి సేవ 25 ఏళ్ళు. కుర్రాణ్ణి తీసుకుపోతే ఇంటిల్లిపాదీ చనిపోయినవాడికి ఏడ్చినట్టు ఏడ్చేవారు. సర్వజన సైనిక సేవా చట్టం వచ్చి ఆ గడువు ఆరేళ్ళకు దిగింది 1874లో మాత్రమే. 'పట్టుకుపోయారు' అని రాసి, మజిలీ దృశ్యంతో కలిపి నాకు పంపించు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి