ఆ ముప్పయ్యేళ్ళ సంగతి రాయమ్మా

విశాఖపట్నం

అమ్మాయికి ఆశీస్సులు.

నాటకాల నుంచి వచ్చి సినిమా డైరెక్టర్ అయిన నటుడి మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. వాక్యం హాయిగా నడుస్తోంది, తడబాటు లేదు. అయితే చదవడం పూర్తయ్యాక ఆ మనిషి మాత్రం నా కళ్ళ ముందు నిలబడలేదు. అతను వేసిన సినిమాల పేర్లు గుర్తున్నాయి, అందుకున్న బహుమతులు గుర్తున్నాయి. "కంచరపాలెంలో నాటికలు ఆడిన కుర్రాడు ముప్పయ్యేళ్ళ తర్వాత సినిమా డైరెక్టర్ అయ్యాడు" అని ఒక్క వాక్యంలో దాటేశావు. ఆ ముప్పయ్యేళ్ళూ ఏమయ్యాయమ్మా? నీ వ్యాసమంతా వాటిలోనే ఉంది.

ఎల్వీ ప్రసాద్ గారి సంగతే చూడు. 1931లో తొలి హిందీ టాకీ 'ఆలం ఆరా'లో చిన్న వేషం. అదే ఏడు తొలి తమిళ టాకీ 'కాళిదాస్'లో, ఆ మరుసటి ఏడు తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో. మూడు భాషల తొలి అడుగుల్లోనూ ఆయన ఉన్నారు. ఇది అందరూ రాస్తారు. డైరెక్టర్‌గా ఆయన పేరు పడిన 'గృహప్రవేశం' వచ్చింది 1946లో. మధ్యలో పదిహేనేళ్ళు. సినిమా కంపెనీల్లో చిల్లర పనులు, హాలు గేటు దగ్గర ఉద్యోగం, అసిస్టెంట్ డైరెక్టర్ చాకిరీ, పృథ్వీ థియేటర్స్ నాటకాల్లో వేషాలు, ఇవన్నీ చేసిన మనిషి ఆయన. 'గృహప్రవేశం'కి కూడా మొదట పిలుపు వచ్చింది అసిస్టెంటుగానే. చివరికి డైరెక్షనూ ఆయనదే అయింది, హీరో వేషమూ ఆయనదే అయింది. 1949లో 'మనదేశం'లో ఎన్టీఆర్‌కి తొలి వేషం ఇచ్చిందీ ఆయనే. పోలీసు ఇన్‌స్పెక్టరుగా చాలా చిన్న వేషం. చిన్న వేషాలు వేసి పైకొచ్చిన మనిషి కొత్త కుర్రాడికి చిన్న వేషం ఇవ్వడంలో ఏముందో, దాని మీదే ఒక పేజీ రాయొచ్చు. 1981లో 'అమావాస్య చంద్రుడు'లో తాతగా మళ్ళీ కెమెరా ముందుకొచ్చారు. అప్పటికి ఆయనకు డెబ్బై మూడేళ్ళు. నటుడు డైరెక్టర్‌గా "మారాడు" అని రాసేముందు ఈ సంగతి ఒకసారి తలుచుకో. లోపలి నటుడు ఎక్కడికీ పోడు.

నేను ఈ తప్పు చేశాను కాబట్టే నీకు ఇంత గట్టిగా చెబుతున్నాను. చాలా ఏళ్ళ కిందట మన ఊరి నటుడొకాయన మీద ఒక పత్రికకు రాశాను. సినిమాలో పేరు రాగానే "రాత్రికి రాత్రి వెలుగులోకి వచ్చారు" అని రాసేశాను. అచ్చయిన రోజు ఆయన ఫోన్ చేశారు. కోప్పడలేదు. "బాగుందండీ. కానీ ఆ రాత్రి పద్దెనిమిదేళ్ళు సాగింది" అన్నారు. ఆ మాట నన్ను చాలాకాలం నిద్రపోనివ్వలేదు. ఆ పద్దెనిమిదేళ్ళూ ఆయన సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగి, ఒక్క రోజు వేషానికి వెళ్ళి, మళ్ళీ అదే బండిలో తిరిగొచ్చేవారని నాకు తెలుసు. తెలిసీ రాయలేదు. మేనేజర్ ఫోన్ కోసం ఇంట్లో ఎదురుచూడటం, నాటక పరిషత్తు పోటీ రోజూ షూటింగ్ కాల్షీటూ ఒకే తేదీన పడితే ఏది వదులుకోవాలో తేల్చుకోలేని టెన్షన్, ఇవన్నీ నాకు అప్పుడు పెద్ద విషయాలుగా అనిపించలేదు.

కాబట్టి నువ్వు మళ్ళీ వెళ్ళి అడుగు. "మీ స్ఫూర్తి ఎవరు" అని మాత్రం అడగకు, దానికి అందరి దగ్గరా ఒకటే జవాబు ఉంటుంది. పని గురించి అడుగు. స్టేజీ మీద చివరి వరసలో కూర్చున్న ముసలాయనకు కూడా వినబడేలా గొంతు పెంచడం అలవాటైన మనిషి, చొక్కా లోపల మైకు పెట్టిన రోజున గొంతు ఎలా దించుకున్నాడు? నాటకంలో ఏడుపు సీను ఎప్పుడూ చివరే వస్తుంది, అప్పటికి మనసు తయారై ఉంటుంది. సినిమాలో అదే సీను మొదటిరోజు పొద్దున్న తొమ్మిదింటికి తీస్తామంటే ఏం చేశాడు? టీ కప్పు ఏ మాట దగ్గర ఎత్తాడో గుర్తుపెట్టుకుని, భోజనాలయ్యాక యాంగిల్ మార్చి తీసేటప్పుడు సరిగ్గా ఆ మాట దగ్గరే ఎత్తాలి. పెద్ద హీరోకి గుర్తుచేయడానికి మనుషులుంటారు. ఒక్కరోజు వేషానికి వచ్చినవాడు తనే గుర్తుపెట్టుకోవాలి. అలా ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటూ, తన షాట్ కోసం కుర్చీలో కూర్చుని లైట్లు మార్చడం చూస్తూ, ఏ లెన్స్ పెడితే తన ముఖం ఎంతవరకు పడుతుందో కెమెరా అసిస్టెంటుని అడుగుతూ అతను నేర్చుకున్నదే ఇవాళ అతని డైరెక్షన్. ఎవరూ అతన్ని పిలిచి పాఠం చెప్పలేదు.

మన ఊరి కళాభారతి హాల్లో ప్రదర్శనకు ముందు ఒక రిహార్సల్ చూశాను. అంతకుముందు చాలాకాలం నటుడిగా ఉన్నాయన ఆ నాటికకు డైరెక్టర్. చెప్పులు పక్కన విడిచి, సుద్దముక్కతో నేలమీద తలుపు ఎక్కడో, మంచం ఎక్కడో గీశాడు. కుర్రాడు డైలాగ్ చెబుతుంటే ఎదురుగా నిలబడ్డ ఈయన పెదాలు కూడా చప్పుడు లేకుండా కదులుతున్నాయి. ఒకచోట పెదాలు ఆగాయి. కుర్రాణ్ణి ఆపి, "ఈ మాట నోట్లో తిరగట్లేదురా, తీసెయ్" అన్నాడు. రాసినాయన పక్కనే ఉన్నాడు, ముఖం చిన్నబుచ్చుకున్నాడు. కానీ ఆ మాట లేకుండా కుర్రాడు మళ్ళీ చెబితే హాల్లో ఉన్న పదిమందిమీ నిటారుగా కూర్చున్నాం. కాగితం మీద ఎంత బాగున్నా నోటికి బరువైన మాటను నటుడు మాత్రమే పట్టుకోగలడు. నీ మనిషి దగ్గర కూడా ఇలాంటి ఘడియ ఒకటి నీకు దొరకాలి. దొరికేదాకా వెళుతూ ఉండు.

ఇంకో సంగతి. డైరెక్టర్ ఎందుకయ్యాడంటే "చిన్నప్పటి కల" అని రాశావు. అతనే చెప్పాడా, నువ్వే అనుకున్నావా? ఒక్కొక్కరిది ఒక్కో దారి. భానుమతి గారు 1953లోనే 'చండీరాణి'ని మూడు భాషల్లో తీశారు. సావిత్రి గారు 1968లో 'చిన్నారి పాపలు' తీస్తూ ముఖ్యమైన శాఖలన్నీ ఆడవాళ్ళ చేతుల్లో పెట్టారు. కాకినాడ నాటకాల నుంచి వచ్చిన ఎస్వీ రంగారావు గారు 'చదరంగం', 'బాంధవ్యాలు' తీసి అక్కడితో ఆపేశారు. ఇక గొల్లపూడి మారుతీరావు గారు మన ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, రేడియోలో పనిచేసి, నాటకాలు రాసి, నలభై దాటాక 1982లో 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య'తో సినిమా నటుడయ్యారు. 1992లో కొడుకు తన తొలి సినిమా 'ప్రేమ పుస్తకం' తీస్తూ షూటింగులోనే ప్రమాదంలో చనిపోతే, మిగిలిన సినిమా తండ్రి పూర్తిచేశారు. ఆ డైరెక్టర్ కుర్చీలో ఆయన కూర్చున్న తీరుకి కల అని పేరు పెట్టగలమా? ఇలాంటివి రాసేటప్పుడు విశేషణం ఒక్కటి కూడా వేయకు. జరిగింది జరిగినట్టు రాయి, చాలు.

తేదీలు మాత్రం జ్ఞాపకం మీద రాయొద్దు. నటుల జ్ఞాపకంలో ఏళ్ళు అటూ ఇటూ అవుతాయి, అది వాళ్ళ తప్పు కాదు. పాత కరపత్రాలు, పరిషత్తు సావనీర్లు వాళ్ళింట్లోనే ట్రంకుపెట్టెలో ఉంటాయి. వాళ్ళావిడని అడుగు, దాచిపెట్టింది ఆవిడే అయుంటుంది. ఆవిడ మాట నీ వ్యాసంలో ఒక్కటీ లేదు, అది కూడా చూసుకో.

ఆదివారం రిహార్సల్ ఉందని రాశావు. వెళ్ళు. ఫోన్ సంచిలో పడేసి వెనక వరసలో కూర్చో. పూర్తయ్యాక అందరితో పాటు టీ తాగి, అతను కుర్చీలు సర్దుతుంటే నువ్వూ ఓ చెయ్యి వెయ్యి. రెండోసారి రాసింది ఎంత పొడవైనా సరే, కుదించకుండా నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు