పట్టణ బడుల మీద పీహెచ్‌డీ చేస్తే కెరీర్ ఉంటుందా?

కావలి నుంచి ఎంఎడ్ చేసిన ఒకమ్మాయి అడిగారు: రకరకాల కులాల, భాషల పిల్లలు కలిసి చదివే పట్టణ బడుల మీద పరిశోధన చేస్తే భవిష్యత్తు ఉంటుందా, లేక అమెరికా పోవాల్సిందేనా అని.

ఉంటుందమ్మా, కాకపోతే నిదానంగా వస్తుంది. నేను నెల్లూరు మున్సిపల్ స్కూల్లో ఆరేళ్లు లెక్కలు చెప్పి, ఆ తర్వాత పీహెచ్‌డీలో చేరాను. నా మొదటి సినాప్సిస్‌ని, అంటే ఏం పరిశోధిస్తానో రాసిచ్చిన ప్రతిపాదనని, కమిటీ తిప్పికొట్టింది. ‘ఇది అమెరికా టాపిక్, మనకెందుకు?’ అన్నారు. అప్పుడు ఒళ్లు మండింది గానీ, నిజానికి అందులో నెల్లూరు ఒక్క పేజీలో కూడా లేదు.

అమెరికాలో గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ అని ఒకావిడ ఉన్నారు. ఫిలడెల్ఫియా బడుల్లో పాఠాలు చెప్పి, ఆ తర్వాత ప్రొఫెసర్ అయ్యారు. నల్లజాతి పిల్లలు ఎందుకు వెనకబడుతున్నారని అందరూ అడుగుతుంటే, వాళ్లకి బాగా చెప్పే టీచర్లు ఎవరని ఆవిడ తల్లిదండ్రులనీ ప్రిన్సిపాళ్లనీ అడిగారు. అలా తేలిన ఎనిమిది మందిని గమనించి 1994లో పుస్తకం రాశారు.

నేనూ అదే పట్టుకుని పెన్నా ఒడ్డున యానాదుల కాలనీలో తల్లులను అడిగాను. నా పేరు ఒక్కరూ చెప్పలేదు! అందరూ ఒక ఎస్జీటీ (చిన్న తరగతులకు చెప్పే టీచర్) మేడం పేరే చెప్పారు. వెళ్లి ఆవిడ క్లాసులో కూర్చున్నా. ‘నలుగురు కలిసి అయిదు కిలోల జెల్లలు పడితే తలా ఎంత?’ అని అడిగారు. కిలోంబావు అని నేను లోపల లెక్కేసుకునేలోపే ఒక పిల్లాడు లేచాడు. ‘తలా కిలో మేడం. వల ఎవరిదో వాడికి రెండు.’ ఆవిడ దాన్నే బోర్డు మీద రాసి, వాటాలతో భాగహారం చెప్పారు. ఆ పిల్లాడి అన్నను నేను డల్ అని వెనక బెంచీలో కూర్చోబెట్టినవాణ్ణి.

ఇక డబ్బు సంగతి. ఎడ్యుకేషన్ సబ్జెక్టుతో నెట్ (లెక్చరర్ అర్హతకి పెట్టే జాతీయ పరీక్ష) రాయండి. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంట్లో పోరు సగం తగ్గుతుంది. 2024 నుంచి నెట్ స్కోరు పీహెచ్‌డీ అడ్మిషన్‌కీ పనికొస్తోంది. తర్వాత యూనివర్సిటీలు, బీఎడ్ కాలేజీలు, పల్లిపాడు లాంటి డైట్‌లు (జిల్లా టీచర్ ట్రైనింగ్ సంస్థలు) ఉన్నాయి. ప్రైవేటు బీఎడ్ కాలేజీ జీతం మీద మాత్రం ఆశలు పెట్టుకోకండి.

గైడ్‌ని వెతికే ముందు కావలిలోనే ఏదైనా బడిలో ఒక నెల వెనక బెంచీలో కూర్చుని, విన్నది విన్నట్టు రాసుకోండి. సినాప్సిస్ మొదటి రెండు పేజీలు అయ్యాక ఇక్కడ పెట్టండి, చూస్తాను.